స్టెప్నీ ఉందా?

సంగారెడ్డి దాటి జోగిపేట, పెద్ద శంకరంపేట, నిజాంపేట మీదుగా నాందేడ్, అకోలా వైపు సాగే దారి ఇప్పుడు 161వ నంబరు జాతీయ రహదారి. మా చిన్నప్పుడు దాన్ని అందరూ నాందేడ్ రోడ్డు అనేవారు. రెండు లారీలు ఎదురుపడితే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. ఓ మే నెల మధ్యాహ్నం పిట్లంలో మేనత్త ఇంట్లో పెళ్లికి బయల్దేరాం. కల్హేర్ ఇంకా కొంత దూరం ఉందనగా మా పాత పెట్రోలు కారు రెండుసార్లు కుదిపి ఆగిపోయింది.

నాయిన బానెట్ ఎత్తి, తువ్వాలు తడిపి పెట్రోలు పంపుకు చుట్టాడు. ఏం చేస్తున్నాడో నాకు అర్థం కాలేదు. జ్వరం వచ్చినవాళ్ల నుదుట తడిబట్ట వేసినట్టు అనిపించింది. అరగంటకు బండి కదిలింది. పావుగంట కూడా కాకముందే వెనక టైరు పంక్చర్. డిక్కీలోంచి స్టెప్నీ తీస్తే దాంట్లోనూ గాలి లేదు. పక్క చేనులోంచి వచ్చిన పెద్దాయన ఆ టైరును కాలితో తట్టి చూసి, "స్టెప్నీల గాలి సూస్కోని ఎల్లొద్దా సారూ?" అన్నాడు. ఇంగ్లీషు ముక్క రాని మనిషి నోట ఆ మాట ఎంత సొంతంగా పలికిందో ఇప్పటికీ గుర్తుంది. దాని పుట్టిల్లు ఎక్కడో వెతకాలన్న కోరిక నాకు అక్కడే పుట్టింది.

దూరప్రయాణంలో కారు ఆగిపోవడం అన్నది కారంత పాతది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్‌కు చెప్పకుండా ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. అంత దూరం మోటారు బండిలో వెళ్లినవాళ్లు అంతకుముందు లేరు. ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్‌లో మందుల దుకాణంలో కొన్నది. పెట్రోలు గొట్టంలో నలక అడ్డం పడితే టోపీకి పెట్టుకున్న సూదితో పొడిచి తీసింది. కరెంటు తీగ మీది తొడుగు పోతే మేజోళ్లకు కట్టే పట్టీ చుట్టింది. చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. గుట్ట ఎక్కేటప్పుడు పిల్లలు దిగి తోశారు. ఇంటికి వచ్చాక ఆమె చెప్పిందాన్ని బట్టి కార్ల్ బెంజ్ ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు పెట్టాడు. కారు చరిత్ర రాసేవాళ్లు పేటెంటు తేదీలు లెక్కపెడతారు గానీ, నా దృష్టిలో కారును పనికొచ్చే వస్తువుగా మార్చింది ఈ ఒక్క ప్రయాణం, దాంట్లో ఎదురైన ఆటంకాలు.

గాలి టైర్లు వచ్చాక కొత్త కష్టం మొదలైంది. ఆ రోజుల్లో రోడ్ల నిండా గుర్రపు నాడాల మేకులు. కారుకు అదనపు చక్రం ఉండేది కాదు. ఉన్న చక్రాన్ని విప్పడమూ తేలిక కాదు. పంక్చర్ అయితే నడిదారిలోనే టైరు ఊడదీసి, ట్యూబుకు అతుకు వేసి, పంపు కొట్టి మళ్లీ ఎక్కించాలి. 1904లో వేల్స్‌లోని లానెల్లీ పట్టణంలో థామస్ మోరిస్ డేవిస్, వాల్టర్ డేవిస్ అనే అన్నదమ్ములు దీనికి ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని ఇనుప కట్టు, దానికి ముందే గాలి కొట్టి ఉంచిన టైరు. పంక్చరైన చక్రాన్ని విప్పకుండానే దాని పక్కన ఈ కట్టును బిగించి బండి నడుపుకోవచ్చు. వాళ్ల కొట్టు ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. చక్రానికి ఆ పేరే పెట్టారు. లండన్‌లో స్టెప్నీ అనే పేట ఉంది కాబట్టి ఈ మాట అక్కడిదేనని చాలామంది అనుకుంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు.

తర్వాత కొన్నేళ్లకే నట్లు విప్పితే మొత్తం ఊడొచ్చే చక్రాలు వచ్చాయి. అన్నదమ్ముల కట్టు అవసరం తీరిపోయింది. పుట్టిన దేశంలో ఆ పేరు మరుగున పడింది. మన దగ్గర మాత్రం వస్తువు పోయినా పేరు నిలిచింది. మన డిక్కీలో పడుకునే పూర్తి చక్రం నిజానికి స్టెప్నీ కాదు, స్టెప్నీ పేరు మోస్తున్న వారసురాలు. బ్రెజిల్‌లో ఇప్పటికీ దాన్ని "ఎస్తెపి" అంటారు.

తెలంగాణ పల్లెలకు మోటారును దగ్గర చేసింది కార్లకంటే బస్సులు. 1932లో నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 27 ఆల్బియన్ బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. మన ఆర్టీసీకి మూలం అదే. కార్లు మధ్యతరగతి ఇళ్ల ముందుకు రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1950ల చివర్లో మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో అంబాసిడర్ వచ్చింది. ఫియట్ 1100 మన దేశంలో పేర్లు మార్చుకుంటూ వచ్చి 1970ల్లో ప్రీమియర్ పద్మిని అయింది. ఈ రెండు బండ్లున్న ఇంట్లో ప్రతి మగవాడూ సగం మెకానిక్కే. జాకీ, పానాలు, అదనపు ఫ్యాన్ బెల్టు, రేడియేటర్‌కు నీళ్ల డబ్బా, కాంటాక్ట్ పాయింట్లు గీకడానికి గరుకు కాగితం ముక్క. బట్టల పెట్టెకంటే ముందు ఇవి సర్దేవాళ్లు. సెల్ఫ్ పట్టకపోతే ముందు బంపర్ కింద హ్యాండిల్ పెట్టి తిప్పాలి. కరెంటు సెల్ఫ్‌ను 1912లోనే క్యాడిలాక్ అమర్చినా, మన బండ్లు హ్యాండిల్‌ను చాలాకాలం వదల్లేదు. అదీ పనిచేయకపోతే ధక్కా.

ఇక ఆ తడి తువ్వాలు. పాత కార్లలో పెట్రోలు పంపు ఇంజన్‌ను అంటుకునే ఉండేది. అది పెట్రోలును వెనక ట్యాంకు నుంచి పీల్చి కార్బొరేటర్‌కు పంపాలి. పీల్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, పైగా ఇంజన్ వేడి, ఆ పైన 40 డిగ్రీల ఎండ. పెట్రోలు గొట్టంలోనే ఉడికి ఆవిరి అవుతుంది. ద్రవాన్ని లాగే పంపు ఆవిరిని లాగలేదు. బండి ఆగుతుంది. తడిబట్టతో పంపు చల్లారితే ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. నాయినకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పలేదు, చేతికి మాత్రం తెలుసు. 2000 నాటికి పొగ నిబంధనలు బిగిశాయి, కార్బొరేటర్లు పోయాయి. పంపు ట్యాంకులోకి మారి, పీల్చడం మాని ఒత్తిడితో తోయడం మొదలుపెట్టింది. ఆ రోగం దాంతోపాటే పోయింది.

ఆ రోజు టైర్లు పిట్లం తీసుకెళ్లి బాగుచేయించుకు రమ్మన్నాడు పెద్దాయన. అలాగే చేశాం. రెండు టైర్లనూ పిట్లం పోయే ఆర్టీసీ బస్సు పైకెక్కించి నాయిన వెళ్లాడు. మేం చింతచెట్టు కింద కూర్చున్నాం. పెద్దాయన ఇంటి నుంచి ఇత్తడి బిందెలో నీళ్లు, జొన్న రొట్టెలు, పచ్చి ఉల్లిగడ్డలు వచ్చాయి. అమ్మ వద్దంటే, "పెండ్లికి పోయే పిల్లలు ఉపాసముంటరా తల్లీ?" అన్నాడు. చీకటి పడ్డాక నాయిన తిరిగొచ్చాడు. పెళ్లి ముహూర్తం అప్పటికే దాటిపోయింది.

2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధన మార్చింది. ట్యూబులేని టైర్లు, గాలి తగ్గితే చెప్పే పరికరం, పంక్చర్ కిట్ ఉంటే మూడున్నర టన్నుల లోపు బండికి అదనపు చక్రం అక్కర్లేదు. నేనిప్పుడు నడిపేది అలాంటి బండే. మొన్న వేసవిలో అదే దారిన పోతూ కల్హేర్ దగ్గర ఓ పంక్చర్ కొట్టు ముందు గాలి చూపించుకోవడానికి ఆగాను. కుర్రాడు డిక్కీ తెరిచి, చాప పైకెత్తి, గుంట ఖాళీగా ఉండటం చూసి నా వైపు తిరిగాడు.

"స్టెప్నీ ఏది సార్?"

చూపించడానికి నా దగ్గర అరచేతి పాటి కంప్రెసర్, ఓ సీసా ఉన్నాయి. కుర్రాడు సీసా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా ఆ గుంటలోనే పెట్టాడు.