నల్లపావులతో ఆటకు ఆరంభము: నాటు చదరంగము నేర్పిన పాఠము

చదరంగమునకు పుట్టినిల్లు భరతఖండమే యని చరిత్రకారులలో పెక్కురు అంగీకరింతురు. ఏడవ శతాబ్దమున బాణభట్టు రచించిన హర్షచరిత్రమునందే దీని ప్రస్తావము కలదు. ఇచ్చటినుండి పారసీకమునకును, అరబ్బు దేశములకును, పిమ్మట ఐరోపాకును పోయి, అచ్చట ఈ క్రీడ కొత్త నియమములను ధరించెను. బంటు మొదటి యెత్తున రెండు గడులు నడుచుట, రాజు కోట కట్టుకొనుట అట్టివి. మన దేశమున మాత్రము బంటు ఒక్కొక్క గడియే నడచు నాటుపద్ధతి చిరకాలము నిలిచెను. కోటకు బదులుగా రాజునకు ఒక్కసారి గుఱ్ఱపు నడక నడచు హక్కు ఉండెను.

నేడు మన గ్రంథాలయమునకు వచ్చు బాలురు ఆడునది ఐరోపా పద్ధతియే. అందు తెల్లపావుల వాడు ముందుగా ఎత్తు వేయును. నల్లపావుల వాడు బదులు చెప్పవలెను. ఆ మొదటి బదులు ఏదియై యుండవలెనన్నదే కొత్తవానికి చిక్కు ప్రశ్న. కాజీపేట నుండి వచ్చిన బండి డోర్నకల్ జంక్షనున బెజవాడ దారి పట్టునో, కొత్తగూడెము దారి పట్టునో, దానిని బట్టియే తరువాతి స్టేషనులన్నియు మారును. ఆరంభపు ఎత్తులును అట్టివే. ఈ ప్రశ్నకు మన దేశీయుడొకడు చెప్పిన సమాధానము లోకచరిత్రలో నిలిచియున్నది.

పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలమున జాన్ కొక్రేను అను స్కాట్లాండు దేశీయుడు కలకత్తాలో న్యాయవాదిగా నుండెను. అతడు ఆనాటి మేటి ఆటగాండ్రలో నొకడు. పల్లెపట్టున ఎన్నడును ఓటమి నెరుగని బ్రాహ్మణుడొకడు కలడని విని, అతడు వెదకి పోయి ఆడెను. ఆ బ్రాహ్మణుడే మహేశచంద్ర బెనర్జీ. ఐరోపా నియమములు అతనికి కొత్తవి. అయినను తన నాటు అలవాటును విడువక, నల్లపావులతో ఆడునపుడు బంట్లను ఒక్కొక్క గడియే జరిపి, శకటును ప్రక్కనుండి దూరపు మూలవైపు గురిపెట్టి నిలిపెడివాడు. వారిరువురును వందలకొలది ఆటలాడిరి. అందు ఎక్కువగా కొక్రేనే గెలిచెను. కాని 1855లో మహేశచంద్రుడు నల్లపావులతో వేసిన ఎత్తుల వరుసనే 1922లో ఆస్ట్రియా దేశీయుడగు గ్రూన్‌ఫెల్డు మహాక్రీడాకారుల యెదుట ప్రయోగింపగా, అది అతని పేరిటనే ప్రసిద్ధి కెక్కెను. ఆ జాతి ఆరంభములకు మాత్రము నేటికిని ‘ఇండియను డిఫెన్సు’ అనియే పేరు.

ఈ చరిత్రమునుండి కొత్తవాడు గ్రహింపవలసిన దేమి? మహేశచంద్రుడు ఎవరి ఎత్తులనో కంఠస్థము చేయలేదు. తనకు బోధపడిన దానినే ఆడెను. కావున అర్థమైనది ఆడుట ప్రధానము.

తెల్లవాడు రాజు ముందటి బంటును రెండు గడులు నడిపినచో, నల్లవాడును తన రాజు ముందటి బంటును రెండు గడులు నడుపుట మేలు. శకటునకును మంత్రికిని దారి తెరచుకొనును. పిమ్మట గుఱ్ఱములను, శకటును బయటికి తెచ్చి, వెంటనే కోట కట్టుకొనవలెను. ఎదుటివాడు మంత్రిని, శకటును తొందరగా పంపి, మన రాజు ప్రక్క శకటు ముందటి బంటుపై గురిపెట్టుట కద్దు. ఆ బంటునకు రాజు తప్ప వేరు కాపు లేదు. ఏమరుపాటున నాలుగు ఎత్తులలో ఆట కట్టును. మంత్రి రాగానే, మంత్రి వైపు గుఱ్ఱమును తెచ్చి నడిమి బంటును కాపాడవలెను. శకటు కూడ వచ్చినపుడు, రాజు వైపు గుఱ్ఱము ముందటి బంటును ఒక్క గడి జరిపినచో మంత్రి వెనుకకు పోక తప్పదు. నాటు ఆటలోని ఒంటిగడి నడక ఇచ్చట మనలను కాపాడును!

తెల్లవాడు మంత్రి ముందటి బంటును నడిపినచో ఇండియను పద్ధతి ననుసరింపవచ్చును. రాజు వైపు గుఱ్ఱమును బయటికి తెచ్చి, అది మొదట నిలిచిన గడి ముందటి బంటును ఒక్క గడి జరిపి, ఆ బంటు విడిచిన గడిలో శకటు నుంచి, మంత్రి ముందటి బంటును ఒక గడి నడిపి, కోట కట్టుకొనవలెను. నడిమి భాగము తాత్కాలికముగా ఎదుటివానిదగును. తగిన సమయమున బంట్లతో దానిని ఎదిరింపవలెను. ఊరక కూర్చున్నచో ఊపిరాడదు.

తెలుగువారు ఈ విద్యలో వెనుకబడినవారు కారు. పెంట్యాల హరికృష్ణ 2001లోను, కోనేరు హంపి 2002లోను గ్రాండుమాస్టరు బిరుదము నందిరి. మన వరంగల్లున 2003లో జన్మించిన ఎరిగైసి అర్జున్ 2018లో ఆ బిరుదమును పొంది, 2024 డిసెంబరున 2800 రేటింగును దాటెను. ఆనందు తరువాత భారతీయులలో అంతటి స్థానము నందినవాడు అతడే.

మహేశచంద్రుని ఆటలు మనకు దక్కుటకు కారణము ఒక్కటే: అవి కాగితముపై కెక్కినవి. అరుగులపై ఆడి గెలిచిన మన పెద్దల ఎత్తులు వారితోనే పోయినవి. మన గ్రంథాలయమున చదరంగపు బల్ల ప్రక్క ఒక పుస్తక ముంచి, బాలురు తామాడిన ఆటను, ముఖ్యముగా నల్లపావులతో ఓడిన ఆటను, ఎత్తు వెంట ఎత్తుగా వ్రాయుదురు గాక. స్వర్ణోత్సవము నాటికి ఆ పుస్తకమే మన ఊరి చదరంగ చరిత్ర కాగలదు.