మ్యాగీ దోసె

పల్చటి దోసెలో మసాలా నూడుల్స్ పెట్టి మడిచే బండి ఫలహారం. పేరున్న ప్యాకెట్ తిండిని ఇంటి వంటతో కలిపిన కొత్త రకాల్లో తెలుగు ఊళ్లలో బాగా నిలదొక్కుకున్న వాటిలో ఇదొకటి.

దోసె సగం కాలగానే వెన్న, ఎర్రకారం, ఉల్లిముక్కలు, ఉడికిన నూడుల్స్ వేసి పెనం మీదే మెదుపుతారు. అంచులు ఎర్రబడి లేచేదాకా ఆగాలి. తొందరపడితే లోపలి తడికి దోసె మెత్తబడుతుంది.

మ్యాగీ నూడుల్స్ 1983లో భారతదేశానికొచ్చింది. 2015లో సీసం వివాదంతో కొన్ని నెలలు దాని అమ్మకం ఆగిపోయింది. ప్యాకెట్ తిండిని వంటతో కలపడం బయటా ఉంది: అమెరికాలో టాకో బెల్ అనే ఫాస్ట్‌ఫుడ్ సంస్థ 2012లో డోరిటోస్ చిప్స్ రుచితో టాకోలు తెచ్చింది. అట్టులో మరో వంటకం నింపడం మాత్రం కొత్త కాదు; ఉప్మా నింపిన ఎమ్మెల్యే పెసరట్టు వీటికన్నా చాలా పాతది.

ఈ దోసెకు పిండి మార్చి చూడొచ్చు. తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతం చిరుధాన్యాలకు పేరుపడింది. అక్కడి పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు జొన్న, కొర్ర, సామ విత్తనాలను కాపాడుతున్నారు. మైదా నూడుల్స్‌కు కొర్రపిండి దోసె తోడైతే పీచైనా దక్కుతుంది. జహీరాబాద్ బండ్లవాళ్లు పోసి చూడాల్సింది అదే.