ఎంత వాన? ఎన్ని వానలు?

ఆంగ్లంలోని ‘మచ్’, ‘మెనీ’ తెలుగువానిని అంతగా తికమక పెట్టవు. మనకూ ‘ఎంత’, ‘ఎన్ని’ ఉన్నాయి. చిక్కల్లా ‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’ల దగ్గరే. హిందూపురంలో ‘ఎ ఫ్యూ’ వానలు పడ్డాయంటే విత్తనం వేయవచ్చునన్న ఆశ. ముందున్న ఆ ఒక్క అక్షరం తీసివేస్తే మిగిలేది దిగులు. మన ‘కొన్ని’కి ఆ దిగులును మోసే శక్తి లేదు, ‘ఏవో నాలుగు చినుకులు’ అనవలసిందే.

ఇటువంటి మాటల ఎంపిక ఒక సీమ బ్రతుకును ఎంతగా శాసించగలదో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1876-78 నాటి ధాత కరువు ఈ నేలను పీల్చి పిప్పి చేసింది. 1882లో బళ్ళారి నుండి అనంతపురం జిల్లా విడివడే నాటికి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 1880 నాటి కరువు కమిషన్ దరిమిలా వచ్చిన నిబంధనావళిలో ‘స్కేర్సిటీ’ వేరు, ‘ఫామిన్’ వేరు. మన జనానికి రెండూ కరువే. దొరగారి కలం ఏ మాట వ్రాస్తే దానిని బట్టి సర్కారు సాయం!

ఇక లెక్కల సంగతి. అనంతపురం సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఇది ‘ఎంత’కు జవాబు. రైతు అడిగేది మాత్రం ‘ఎన్ని పదున్లు అయినాయి?’ అని. వాన మొత్తం కాదు, దుక్కికీ విత్తుకూ అందిన తడుల సంఖ్య ఆయనకు ముఖ్యం. నా దృష్టిలో ఇదే సరైన ప్రశ్న.

ప్రభుత్వ పత్రాలలో ‘ఎన్నిసార్లు’ అన్న ప్రశ్నకు స్పష్టమైన అంకె దొరికింది 1972 నాటి నీటిపారుదల కమిషన్‌తోనే. వర్షం సగటుకన్నా నాలుగోవంతుకు పైగా తగ్గిన ఏళ్ళు నూటికి ఇరవై ఉంటే అది కరువు ప్రాంతం. నలభై ఉంటే నిత్యకరువు ప్రాంతం. ‘ఆఫన్’ అన్న జారుడు మాటకు అలా ఒక కొలత ఏర్పడింది. ఆ మరుసటి ఏడాది మొదలైన కరువుపీడిత ప్రాంతాల పథకంలో అనంతపురం చేరింది. 1995-96 నుండి ఎడారి అభివృద్ధి పథకంలోకి వెళ్ళింది. ఈ మూడు ఊళ్ళూ 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి.

అయితే ఆ కొలత లోపల కూర్చున్నది మళ్ళీ ఏడాది మొత్తమే. వేరుశనగకు ఊడలు దిగే వేళ ముప్పై రోజులు చినుకు పడక, పంట ఎండిన తరువాత తుఫాను వాన కురిసి సగటు నిండిందనుకోండి. ఆ కొలత ప్రకారం ఆ ఏడు కరువు లేనట్టే.