తడి జుట్టు చూసి అడిగిన తల్లి

మన పిల్లల్ని ఎక్కడికైనా పంపాలంటే వంద ఆరాలు తీస్తాం. పక్కింట్లో పుట్టినరోజంటే ఎవరెవరు వస్తున్నారంటాం, ట్యూషన్ మాస్టారి గురించి ఇద్దరు ముగ్గురిని అడుగుతాం. కానీ "యూనివర్సిటీలో క్యాంపు" అనగానే మనలో సగం భయం పోతుంది. అంత పెద్ద సంస్థ, అంతమంది చదువుకున్నవాళ్లు, గేటు దగ్గర సెక్యూరిటీ, ఇంకేం కావాలి అనుకుంటాం. అమెరికాలో తల్లులూ అలాగే అనుకున్నారు. అక్కడ ఒక యూనివర్సిటీలో జరిగిన కథ ఇది. కొంచెం కష్టమైన కథే, అయినా పిల్లలున్న ఆడవాళ్లం తెలుసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్టేట్ కాలేజ్ అనే ఊరుంది. ఊరి పేరే అది. పెన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్నది అక్కడే. ఆ ఊరికి ఫుట్‌బాల్ అంటే మనకి క్రికెట్టూ సినిమా కలిపితే ఎంతో అంత. (వాళ్ల ఫుట్‌బాల్ చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, మనం అనుకునేది కాదు.) జట్టు పెద్ద కోచ్ జో పటెర్నో. ఆయన బతికుండగానే స్టేడియం బయట కంచు విగ్రహం పెట్టారు. ఆయన కింద చాలా ఏళ్లు పనిచేసిన కోచ్ జెర్రీ శాండస్కీ. ఇతను 1977లో 'సెకండ్ మైల్' అని ఒక సేవా సంస్థ పెట్టాడు. తండ్రి లేని పిల్లలు, ఇంట్లో ఇబ్బందులున్న పిల్లలు, వీళ్లకి ఆటలు, క్యాంపులు. ఊరంతా దణ్ణం పెట్టింది. అలాంటి ఇళ్లలో తల్లికి, పేరున్న కోచ్ తన కొడుకుని దగ్గరికి తీసి మ్యాచ్‌లకి తీసుకెళ్తానంటే దేవుడు పంపిన మనిషే అనిపిస్తుంది కదా. తర్వాత బయటపడ్డదేమిటంటే, అతను పిల్లల్ని ఏరుకున్నది ఆ సంస్థలోంచే. కావాలనే, అడిగే మగదిక్కు లేని ఇళ్లలోంచి.

1998 మే నెలలో పదకొండేళ్ల అబ్బాయి ఒకడు ఆయనతో యూనివర్సిటీ జిమ్‌కి వెళ్లి రాత్రి ఇంటికొచ్చాడు. తల తడిగా ఉంది. వాళ్లమ్మ ఎందుకని అడిగింది. ఆయనా తనూ కలిసి షవర్ కింద స్నానం చేశామన్నాడు. ఆ మాటలో ఏదో తేడా ఉందని తల్లికి తోచింది. మర్నాడే ఒక సైకాలజిస్టుతో మాట్లాడి, యూనివర్సిటీ పోలీసులకి ఫోన్ చేసింది.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. ఆమె దగ్గర సాక్ష్యం లేదు. ఎదుటివాడు ఊరంతా మొక్కే మనిషి. ఈమె పిల్లాణ్ణి పెంచుకుంటున్న మామూలు తల్లి. మన దగ్గరైతే "నోరు మూసుకో, పిల్లాడి పేరు పాడవుతుంది" అని ముందు మనవాళ్లే అంటారు. ఆమె మూసుకోలేదు. పోలీసులు ఆమె ఇంట్లోనే చాటుగా కూర్చుని, శాండస్కీ వచ్చినప్పుడు ఆమె అతన్ని నిలదీస్తుంటే విన్నారు. తను చేసింది తప్పేనని, క్షమాపణ దొరికితే బాగుండునని, కానీ ఆమె నుంచి అది దొరకదని తెలుసని, చచ్చిపోతే బాగుండునని అతను అన్నట్టు రికార్డుల్లో ఉంది. ఆమె పిలిచిన సైకాలజిస్టు, ఇది పిల్లల్ని మెల్లగా వల్లో వేసుకునేవాళ్ల పద్ధతిలాగే ఉందని రాసిచ్చారు. తర్వాత వచ్చిన ఇంకో కౌన్సెలర్ అలాంటిదేం లేదన్నాడు. జిల్లా ప్రాసిక్యూటర్ కేసు పెట్టలేదు. ఫైలు మూసేశారు.

మరుసటి ఏడాది శాండస్కీ రిటైరయ్యాడు. యూనివర్సిటీ గౌరవ హోదా ఇచ్చింది, ఆఫీసు గది ఇచ్చింది, జిమ్‌కీ లాకర్ గదులకీ ఎప్పుడంటే అప్పుడు వెళ్లే వీలిచ్చింది.

2000లో రాత్రి పూట ఊడ్చే పనివాడొకడు షవర్ గదిలో చూడరానిది చూశాడు. తోటివాళ్లకి చెప్పి వణికిపోయాడట. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేస్తే ఉద్యోగాలు పోతాయని భయం. చీపురు పట్టుకున్నవాడు కోచ్ మీద చెబితే వినేదెవరు?

2001 ఫిబ్రవరిలో ఈసారి చూసింది చీపురువాడు కాదు, జట్టులోనే పనిచేసే మైక్ మెక్వెరీ అనే కుర్రాడు. మర్నాడు పెద్ద కోచ్ పటెర్నోకి చెప్పాడు. ఆయన క్రీడా విభాగం డైరెక్టర్ టిమ్ కర్లీకి చెప్పాడు. అక్కణ్ణుంచి వైస్ ప్రెసిడెంట్ గ్యారీ షుల్ట్జ్‌కి, యూనివర్సిటీ ప్రెసిడెంట్ గ్రాహం స్పానియర్‌కి వెళ్లింది. మాట మెట్టు మెట్టూ ఎక్కేకొద్దీ మెత్తబడిపోయింది. చివరికి వాళ్లు చేసిందల్లా, ఇక పిల్లల్ని క్యాంపస్‌లోకి తీసుకురావద్దని అతనికే చెప్పడం, సెకండ్ మైల్ వాళ్లకి ఒక మాట చెప్పడం. శిశు సంక్షేమ శాఖకి ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ రాత్రి అక్కడున్న పిల్లాడెవరని ఒక్కరూ వెతకలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. అంతమంది పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు గానీ, అంతా అతని గురించీ సంస్థ గురించే. పిల్లాడి పేరేమిటని అడగలేదు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు అదే యూనివర్సిటీ ఇంకో క్యాంపస్‌లో శాండస్కీ పిల్లల ఫుట్‌బాల్ క్యాంపులు నడిపాడు.

దీన్ని తవ్వి తీసింది మళ్లీ ఒక తల్లే. 2008లో పక్క జిల్లాలో ఒక అబ్బాయి నోరు విప్పాడు, వాళ్లమ్మ స్కూలుకెళ్లి పట్టుబట్టింది. విచారణ మూడేళ్లు సాగింది. ఊళ్లోవాళ్లెవరికీ తెలియని ఆ విచారణ సంగతి 2011లో పేపర్లో రాసింది సారా గానిమ్ అనే చిన్న వయసు విలేఖరి. దానికే ఆమెకి పులిట్జర్ బహుమతి వచ్చింది. 2011 నవంబర్‌లో శాండస్కీ అరెస్టయ్యాడు. నాలుగు రోజులకి పటెర్నోని తీసేశారు. అప్పుడు వేల మంది విద్యార్థులు రోడ్డెక్కారు, టీవీ వాళ్ల వ్యాన్ తిరగేశారు. పిల్లల కోసం కాదండీ, కోచ్‌ని తీసేశారని! 2012 జూన్‌లో, పదిమంది మగపిల్లల విషయంలో మొత్తం 48 అభియోగాల్లో 45 రుజువయ్యాయి. అక్టోబర్‌లో ముప్పై నుంచి అరవై ఏళ్ల జైలు శిక్ష పడింది. 1998 నాటి ఆ తడి జుట్టు అబ్బాయి కూడా ఆ పదిమందిలో ఉన్నాడు. అమ్మ ఫోన్ చేసిన పద్నాలుగేళ్లకి.

ఆ ఏడాది విగ్రహం తీసేశారు. కాలేజీ ఆటల సంఘం ఆరు కోట్ల డాలర్ల జరిమానా వేసింది. బాధితులకి యూనివర్సిటీ ఇచ్చిన పరిహారం పది కోట్ల డాలర్లు దాటింది. 2017లో కర్లీ, షుల్ట్జ్ పిల్లల్ని ప్రమాదంలో పడేసినట్టు నేరం ఒప్పుకున్నారు. స్పానియర్‌ని జ్యూరీ అదే నేరానికి దోషి అంది, అప్పీళ్లన్నీ అయ్యాక 2021లో జైలుకెళ్లాడు.

అసలు మార్పు ఇవేవీ కాదు, చట్టంలో వచ్చింది. అప్పటిదాకా పెన్సిల్వేనియాలో సంస్థల్లో పనిచేసేవాళ్లు పై అధికారికి చెబితే సరిపోయేది, ఆ పైన ఆయన చూసుకోవాలి. అంటే మాట మెట్లెక్కుతూ మెత్తబడటానికి చట్టమే దారి వేసిందన్నమాట. 2014లో దాన్ని మార్చారు. చెప్పాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు నేరుగా రాష్ట్ర హాట్‌లైన్‌కే చెప్పాలి, పై అధికారికి ఆ తర్వాతే. పిల్లలతో మసలే వాలంటీర్ల పాత రికార్డులూ చూడాలన్నారు. దేశమంతా యూనివర్సిటీలు ఉలిక్కిపడి, క్యాంపస్‌కొచ్చే పిల్లల కోసం నియమాలు రాసుకున్నాయి. ఏ పెద్దమనిషీ పిల్లాడితో ఒంటరిగా ఉండకూడదు, పెద్దలూ పిల్లలూ ఒకేసారి షవర్లు వాడకూడదు, ఇలాంటివి.

మా ఆడపడుచు న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్లబ్బాయిని వేసవిలో ఒక యూనివర్సిటీ సైన్స్ క్యాంపులో చేర్చినప్పుడు "వదినా, వారం రోజుల క్యాంపుకి ఇన్ని కాగితాలా, పెళ్లికి కూడా ఇన్ని సంతకాలు పెట్టలేదు" అని విసుక్కుంది. ఆ కాగితాల వెనకున్నది ఈ కథే అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మొదటి పేజీ నుంచి మళ్లీ చదివిందట.

మరి మన దగ్గర? యూనివర్సిటీ అంటే పద్దెనిమిది దాటినవాళ్లే అనుకుంటాం. మన ట్రిపుల్ ఐటీలు చూడండి, బాసర, నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం. పదో తరగతి కాగానే చేరతారు. పదిహేను, పదహారేళ్లు. పల్లెటూళ్ల నుంచి వచ్చిన పిల్లలు, మొదటిసారి ఇల్లు వదిలినవాళ్లు. యూనివర్సిటీ లెక్కలో విద్యార్థులు, చట్టం లెక్కలో పిల్లలు. ఇంకా యూనివర్సిటీ మైదానాల్లో కోచింగ్‌లు, ఎన్‌సీసీ క్యాంపులు, ఇంటర్ పిల్లల సైన్స్ క్యాంపులు ఉండనే ఉన్నాయి.

మన పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది 2012 నవంబర్ 14న. శాండస్కీకి శిక్ష పడిన మరుసటి నెల. అది యాదృచ్ఛికమే, కానీ పక్కపక్కన పెట్టి చదివితే మనసు చివుక్కుమంటుంది. అందులో 19వ సెక్షన్ ప్రకారం, పిల్లలపై ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లే కాదు, జరగబోతుందేమోనని అనుమానం ఉన్నవాళ్లు కూడా పోలీసులకి చెప్పాలి. ఆయా అయినా, వాచ్‌మన్ అయినా, ప్రొఫెసర్ అయినా అంతే. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా. మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద, అనుమానం తప్పని తేలినా, కేసు పెట్టడానికి లేదు. ఈ చివరి మాట మన ఆడవాళ్లలో చాలామందికి తెలీదు.

మా పనమ్మాయి కూతురికి పోయినేడాది ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది. స్వీట్లు పంచడానికి వస్తే, చేర్చే రోజు అడగమని రెండు ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చాను. రాత్రి పూట హాస్టల్ తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి? నా కూతురు ఏదైనా చెప్పుకోవాలంటే, వార్డెన్ కాకుండా ఇంకెవరికి చెప్పుకోవాలి? కింద 1098 నంబరు కూడా రాశాను. "అక్కా, అంత పెద్ద సార్లని నేనెట్లా అడగను?" అంది. "నీ కూతురే కదా, నువ్వే అడగాలి" అన్నాను. ఆ కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.