కృష్ణ ముఖద్వారాన శరత్కాలపు పక్షులు

భాద్రపదం వెళ్లి ఆశ్వయుజం వచ్చేసరికి కృష్ణా డెల్టాలో కొత్త పక్షులు కనిపిస్తవి. గుడివాడ పొలాల గట్లమీద తోక ఆడించే కాటుకపిట్టలు, అక్కడికి ఈశాన్యాన కొల్లేటిలో సూదితోక బాతులు దిగుతవి. బందరు తీరాన, దివిసీమ పాయల వెంట, ఆటువేళ బయటపడే బురదలో ఉల్లంకులు గుంపులుగా మేస్తూ ఉంటవి. వీటిలో కొన్ని సైబీరియా ఉత్తరపు అంచునుంచి వచ్చినవి. రైతులకు, బెస్తలకు, వేటగాండ్రకు ఈ రాక ఏనాటినుంచో తెలుసు. ఏ పక్షి ఏ తేదీన ఎక్కడ కనిపించినదో వ్రాసిపెట్టటం మాత్రం ఆలస్యంగా మొదలైనది.

పక్షుల వలస మన సాహిత్యానికి కొత్త విషయం కాదు. వానకారు రాగానే హంసలు మానస సరోవరానికి బయలుదేరటం కాళిదాసు మేఘదూతంలో ఉన్నది. కృష్ణ సాగరసంగమం వద్ద ఉన్న గ్రామం పేరే హంసలదీవి. అయితే కాకి ఇక్కడ మునిగి హంస అయినదని స్థలపురాణం. పేరునుబట్టి పక్షిశాస్త్రం నిర్ణయించటం సాహసమే. ఐరోపాలో మాత్రం కొన్ని పక్షులు చలికాలమంతా తొర్రలలో దాగి ఉంటవన్న అరిస్టాటిల్ మాట శతాబ్దాలపాటు నిలిచినది. 1822లో జర్మనీలో, మెడలో ఆఫ్రికా బల్లెంతో తిరిగివచ్చిన కొంగ ఒకటి దొరికి ఆ నమ్మకాన్ని సడలించినది. 1899లో డెన్మార్కు ఉపాధ్యాయుడు మోర్టెన్సెన్ పక్షుల కాళ్లకు సంఖ్య చెక్కిన అల్యూమినియం కడియాలు తొడగటంతో వలసను నిరూపించే మార్గం ఏర్పడినది.

మన దేశంలో పక్షుల సర్వేలు జరిగినవి కాని, అవి ఈ డెల్టాను చుట్టి పోయినట్లు కనిపిస్తుంది. నెల్లూరులో వైద్యాధికారిగా ఉన్న జెర్డన్ 1862-64లో ప్రకటించిన గ్రంథంలో తెలుగు పేర్లుకూడ ఇచ్చినాడు. అవి స్థానికుల నోట విన్నవే. 1929-30 నాటి వెర్నే సర్వే, పేరుకు తగినట్లే, తూర్పు కనుమలపై దృష్టి నిలిపినది. 1931-32లో సలీం అలీ జరిపిన సర్వే నిజాం రాజ్యానిది. బందరు ఆనాడు మద్రాసు రాజధానిలోనిది. కొల్లేటికి ఆవల ఆరేడు గ్రామంలో గూడబాతులు గూళ్లు పెట్టే సంగతి ఊరివారికి తెలిసినదే అయినా, నీలకంఠన్ వ్యాసంద్వారా 1949లోగాని శాస్త్రలోకానికి చేరలేదు.

1957లో షిమోగా ప్రాంతంలో క్యాసనూరు జ్వరం బయటపడినప్పుడు, దాని బీజాన్ని సైబీరియానుంచి పక్షులే తెచ్చినవా అన్న అనుమానం కలిగినది. 1959లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సహాయంతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పెద్దఎత్తున పక్షులకు కడియాలు తొడిగే పని ప్రారంభించినది. పక్షులపై నేరం రుజువు కాలేదు; వలసను గురించిన జ్ఞానం మాత్రం మిగిలినది. 1987నుంచి ఆసియా అంతటా నీటిపక్షుల గణన జరుగుతున్నది. అది జనవరిలో జరుగుతుంది. అక్టోబరులో ఆగి, మేసి, దక్షిణానికి సాగిపోయిన పక్షి ఆ లెక్కలోకి రాదు.

శరత్తులో చూసినదాని విలువకు వంపుముక్కు ఉల్లంకి మంచి నిదర్శనం. ఇది సైబీరియాలోని తైమీరు వంటి ధ్రువప్రాంతాలలో పిల్లలు చేస్తుంది. పెద్దవి జులైనుంచే బయలుదేరుతవి. ఆ ఏటి పిల్లలు కొన్ని వారాల తరువాత, దారి చూపే తల్లిదండ్రులు లేకుండానే వస్తవి. మన తీరానికి చేరేనాటికి పెద్దవాటి పొట్టమీద ఇటుకరంగు ఇంకా అక్కడక్కడ ఉంటుంది. పిల్లల వీపు ఈకలకు లేతరంగు అంచులుండి పొలుసులవలె కనిపిస్తవి. జనవరికి రెండూ బూడిదరంగువే. దూరంనుంచి విడదీయటం కష్టం. పిల్లల పాలు ఏటేటా మారటానికి కారణం మరీ విచిత్రం. తైమీరులో లెమ్మింగు అనే ఎలుకవంటి జంతువు సమృద్ధిగా ఉన్న ఏడు నక్కలు వాటితోనే కడుపు నింపుకుంటవి. అవి తగ్గిన ఏడు నక్కల చూపు పక్షుల గూళ్లమీద పడుతుంది. దక్షిణానికి వచ్చే పిల్లలు తగ్గుతవి. దివిసీమ బురదలో నిలబడి గుంపులో పిల్లలెన్నో లెక్కించినవాడు తైమీరు నక్కల భోజనం గురించి కొంత తెలుసుకుంటున్నాడన్నమాట!

ఈ మజిలీ కూడ మారుతూ వచ్చినది. 1855లో పూర్తయిన విజయవాడ ఆనకట్టతో డెల్టాలో వానకారంతా నీరు నిలిచే వరిచేలు విస్తరించినవి. 1980ల తరువాత ఎన్నో పొలాలు చేపల, రొయ్యల చెరువులైనవి. పొట్టికాళ్ల ఉల్లంకికి లోతునీరు పనికిరాదు. పట్టుబడికి చెరువు ఎండగట్టిన కొద్దిరోజులే దానికి విందు. నదీముఖాన మడ అడవులతోసహా సుమారు 194 చదరపు కిలోమీటర్ల ప్రాంతం 1989లో అభయారణ్యమైనది. గుడివాడ పొలాలు దాని హద్దులలో లేవు.

ఇది తుపానుల ఋతువు కూడ. బందరును ముంచిన 1864 నవంబరు 1 నాటి ఉప్పెన, దివిసీమను ముంచిన 1977 నవంబరు 19 నాటి ఉప్పెన రెండూ పక్షులు ఇక్కడ ఉండే రోజులలోనే వచ్చినవి. తుపాను పక్షులకు చేసే నష్టం తేలాలంటే అంతకు ముందు వారపు లెక్క ఉండాలి: తేదీ, స్థలం, ఆటో పోటో, పెద్దవెన్ని, పిల్లలెన్ని.