ఊళ్లో పట్టా - పట్నంలో ఇల్లు

పెన్షనర్ మిత్రులు నలుగురు కలిస్తే తరచుగా వచ్చే ప్రశ్న ఒకటున్నది. ఊళ్లో భూమి ఉంచుకోవాలా, అమ్మి పట్నంలో ఇల్లు కొనాలా? ఇది ఎవరి ఇంటి లెక్క వారిదే అనుకుంటాం. కాని ఈ లెక్క వెనుక మన ప్రాంతపు భూమి చరిత్ర ఉన్నది.

జనగామ సంగతి చూద్దాం. నిజాం కాలంలో ఈ తాలూకా నల్గొండ జిల్లాలోది. విస్నూరు దేశ్‌ముఖ్ మాటే శాసనంగా ఉండేది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు భూమి పంటను దొర మనుషుల పాలు కానివ్వలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారులుగా పేరెక్కినవారిలో చాలామందికి 38-ఇ కింద పట్టాలు దక్కాయి. వెట్టి చేసినవారిలో, కూలీలలో ఎందరికో దక్కలేదు.

ఆ తేడా పట్నందాకా వచ్చింది. జనగామ రైలుమార్గం మీది ఊరు. రెండు మూడెకరాలున్నవారు ఉప్పల్, ఘట్‌కేసర్ వైపు ఒక గది కిరాయికి తీసుకుని ఏళ్లు గడపడం చూశాను. నాట్లకు, కోతలకు ఊరు చేరతారు. మిగిలిన డబ్బు బోరుకు, మోటారుకు పోతుంది. ఇల్లు వాయిదా పడుతుంది. భూమి లేనివారు మాత్రం అరవై గజాలైనా, అంటే అర గుంటైనా, తమదనిపించుకోవాలని నోటరీ కాగితం మీదనైనా కొంటారు. వారికి వెనక్కి పోయే చోటు లేదు మరి.

మానుకోట వైపు లెక్క వేరు. కొత్తగూడ, గూడూరు ప్రాంతాల షెడ్యూల్డు గ్రామాలలో 1970 నాటి '1/70' చట్టం వల్ల భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు. కోయల, లంబాడాల చేతిలో భూమి నిలవడానికి ఇదే ఆధారం. అయితే ఆ భూమికి బయటి ధర రాదు. అది అమ్మి పట్నంలో ఫ్లాటు కొనడం సాగదు. అందుకే పట్నంలో కిరాయికి ఉండి, తండాలోనో గూడెంలోనో ఇల్లు కట్టుకుంటారు.

భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరు థర్మల్ కేంద్రం వచ్చాయి. భూమి పోయినవారికి పరిహారం చేతికొచ్చింది. క్వార్టరు ఉద్యోగం ఉన్నంతవరకే. నేనెరిగిన కార్మికులు సర్వీసులో ఉండగానే హనుమకొండలో ప్లాటు చూసుకున్నారు.

2018లో మొదలైన రైతుబంధు సాయం పాసుపుస్తకం ఉన్నవారికే అందింది. పట్నంలో ఉంటున్న పట్టాదారుకు భూమి అమ్మకుండా ఉండడానికి ఇదొక కారణమైంది. సాగుచేసే కౌలుదారుకు మాత్రం ఏమీ రాలేదు. కౌలుదారుల కోసం పోరాడిన గడ్డ మీద ఇది ఆలోచించవలసిన విషయం.

మిత్రులకు నా మనవి ఒక్కటే. అమ్మినా, ఉంచుకున్నా ముందుగా పాసుపుస్తకంలో సర్వే నంబర్లు, విస్తీర్ణం సరిచూసుకోండి. 2005 సవరణతో తండ్రి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమాన వాటా ఉన్నదని మరువకండి. మన భూమి దున్నుతున్న వారితోనూ ఒకమాట చెప్పి నిర్ణయం తీసుకోండి.