ఏర్వాడి గొలుసులు: మానసిక రోగం చుట్టూ అపోహలు, కళంకం

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక పూరిపాక అంటుకుంది. అది మానసిక రోగుల కోసం నడుపుతున్న ప్రైవేటు ఆశ్రమం. లోపలున్నవారిని గొలుసులతో కట్టేసి ఉంచారు. మంటలు కళ్లెదుటే కనిపిస్తున్నా పరుగెత్తే దారి లేదు. 28 మంది చనిపోయారు.

దీన్ని మూఢనమ్మకం ఖాతాలో వేసి ఊరుకోవడం తేలిక. కానీ నమ్మకం ఒక్కటే వాళ్లను కట్టేయలేదు. ఏర్వాడి దర్గాకు మతిస్థిమితం తప్పినవారిని తీసుకెళ్లడం తరాల ఆచారం. అక్కడి దీపపు నూనె, తీర్థం నయం చేస్తాయని నమ్మేవారు. ఇంటికి వెళ్లమని కలలో ఆజ్ఞ వచ్చేదాకా రోగి అక్కడే ఉండాలి. ఆ కల ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆ ఎదురుచూపు చుట్టూ ప్రైవేటు ఆశ్రమాలు పుట్టాయి. కుటుంబాలు డబ్బు కట్టి తమవారిని అప్పగించి వెళ్లేవి. దుర్ఘటన తర్వాత ప్రభుత్వం ఆ ఆశ్రమాలను మూసేసింది, సుప్రీంకోర్టు కేసును తనంతట తానే చేపట్టింది.

ఇలా అప్పగించే కుటుంబాన్ని కఠినాత్ములని తీర్పు చెప్పేముందు దాని ఇబ్బంది చూడాలి. కొడుక్కి మతి బాగాలేదని ఊళ్లో తెలిస్తే కూతురికి సంబంధం రాదు. దగ్గర్లో మానసిక వైద్యుడు ఉండడు. దర్గా, గుడి, భూతవైద్యుడు మాత్రం అందుబాటులో ఉంటారు, పైగా వాళ్ల దగ్గరికి వెళ్తే పరువు పోదు. గాలి సోకిందంటే అది బయటి నుంచి వచ్చిన ఆపద. జబ్బు అంటే వంశానికే మచ్చ! మన దగ్గర కూడా మానసిక ఆసుపత్రులున్న ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లు ఇప్పటికీ ఎగతాళికి వాడతారు. అక్కడి ఆసుపత్రి మెట్టెక్కాల్సిన మనిషికి ఆ మాట ఎంత అడ్డమో వేరే చెప్పాలా?

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. వారిలో రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. అంటే మన బాధ ఎంతో ఆ లెక్కలో కనిపించదు.

అపోహల్లో అన్నిటికన్నా హాని చేసేది, మానసిక రోగి అంటే మీదపడి కొట్టేవాడన్న భయం. నిజానికి తీవ్రమైన రుగ్మత ఉన్నవారు ఇతరులపై దాడి చేయడం కంటే దెబ్బలు తినడమే ఎక్కువ. పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్నది ఇంకొకటి. దాని భారం ఏమీ తెలియని ఒక ఆడపిల్ల మీద పడుతుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని 95వ సెక్షన్‌లో స్పష్టంగా చెప్పింది. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడాన్నీ నిషేధించింది. శారీరక రోగులతో సమానంగా వైద్య బీమా ఇవ్వాలని 21వ సెక్షన్ ఆదేశించింది. ఈ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. అయినా 2019 జనవరిలో ఉత్తరప్రదేశ్‌లోని బదాయూఁలో ఒక ప్రార్థనా స్థలం దగ్గర గొలుసులతో ఉన్న రోగుల గురించి సుప్రీంకోర్టు మళ్లీ విచారించాల్సి వచ్చింది.

మొక్కు మొక్కుకోవడం మానెయ్యమని ఏ కుటుంబానికీ చెప్పనక్కర్లేదు. మొక్కుతో పాటు మందు కూడా అందాలి, అది జిల్లా ఆసుపత్రిలోనే దొరకాలి. ఈలోపు ఇంట్లో ఎవరైనా నిద్రపట్టక, ఎవరో వెంటాడుతున్నారని భయపడుతుంటే, 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఉచిత సేవ ఇది. తెలుగులోనే మాట్లాడవచ్చు.